తుపాను రోజుల్లో చుట్టపుచూపు

సెప్టెంబరులో సముద్రం చవక. ఫిబ్రవరిలో అడిగే ధరలో సగానికి కాస్త అటూ ఇటూగా అదే గది దొరుకుతుంది. అదే బాల్కనీ, అదే తెల్లటి ఇసుక, అవే నీళ్ళు. విమానం టికెట్లూ దిగివస్తాయి. అట్లాంటాలో ఉన్న మా అమ్మాయి ఇదంతా ఫోనులో చూపించి, "నాన్నా, లేబర్ డే సెలవుకి ఇంకాస్త కలుపుకుని కాన్‌కూన్ వెళ్ళొద్దాం. నీకు అమెరికా వీసా ఉంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా కూడా అక్కర్లేదు" అంది.

నేను దివిసీమవాణ్ణి. సముద్రం దగ్గరికని ఎవరైనా అంటే ముందు ఏ నెలలో అని అడగడం మా వైపు అలవాటు. "ఈ రోజుల్లో అటు తుపాన్లు కదమ్మా?" అన్నాను.

పక్కనుంచి అల్లుడు నవ్వాడు. "అందుకే కదా మామయ్యగారూ, ఆ ధర!"

నిజమే, అందులో దాపరికమేమీ లేదు. కానీ ఆ నవ్వు తరవాత నాకో ప్రశ్న మిగిలిపోయింది. గదిలో ఏ లోటూ లేనప్పుడు, సముద్రంలో ఏ లోటూ రానప్పుడు, తగ్గిన ఆ సొమ్ము ఎవరి జేబులోంచి తగ్గినట్టు?

అట్లాంటిక్ తుపాన్లయిన హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుందని లెక్క. అసలు తీవ్రత ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. అందులోనూ సెప్టెంబరు 10 ప్రాంతం శిఖరం. సూర్యుడు జూన్‌లోనే నడినెత్తికొచ్చినా సముద్రం తొందరపడదు. వేసవంతా వేడి కూడబెట్టుకుని, సెప్టెంబరుకి ఖజానా నింపుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఆఫ్రికా పడమటి ఒడ్డు నుంచి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరి, కేప్ వెర్డీ దీవులు దాటి, ఆ వెచ్చటి నీటి మీదుగా పడమరకి సాగుతాయి. తుపాను కట్టాలంటే పైనీటి వేడి కనీసం 26.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలంటారు. సెప్టెంబరులో కాన్‌కూన్ దగ్గర అది 29 డిగ్రీల దాకా ఉంటుంది. మోకాటి లోతు దిగి, "అబ్బ, ఎంత గోరువెచ్చగా ఉన్నాయో!" అని మనం మురిసిపోయే వెచ్చదనమూ, తుపాను ఆకలి తీర్చే వెచ్చదనమూ ఒకటే. సెలవులకొచ్చినవాడూ తుపానూ ఆ తీరానికి ఒకే సరుకు కోసం వస్తారు.

మన బంగాళాఖాతం పద్ధతి వేరు. నైరుతి రుతుపవనాలు బలంగా ఉన్న నెలల్లో కింది గాలి ఒక దిక్కుకీ పై గాలి ఇంకో దిక్కుకీ లాగడంతో తుపాను నిటారుగా నిలబడలేదు. మహా అయితే వాయుగుండం అయి, నాలుగు వానలు కురిపించి పోతుంది. అందుకని మన గండాలు రెండు భాగాలుగా వస్తాయి: రుతుపవనాలకు ముందు ఒకటి, అవి వెనుదిరిగాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. విశాఖ మీద హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న పడింది. మన పెద్దలు పెట్టిన సముద్ర స్నానాల్లో కూడా ఈ ఎరుక కొంత ఉన్నట్టుంటుంది. హంసలదీవిలో సాగరసంగమ స్నానం మాఘ పౌర్ణమికి, అంతర్వేది తీర్థం భీష్మ ఏకాదశికి. గాలివానల రోజులు గడిచి, సముద్రం మర్యాదగా ఉండే రోజులవి. కార్తీక పౌర్ణమి ఒక్కటే నడి తుపాన్ల కాలంలో పడుతుంది. దాన్ని దేవుడికి వదిలేసినట్టున్నారు.

మా అల్లుడు సాఫ్ట్‌వేరు మనిషి, దేవుడికి ఏదీ వదలడు. లెక్క వేసి చూపించాడు. తుపానుల కాలం ఆరు నెలలు, కరీబియన్ సముద్రం వేల కిలోమీటర్లు. మనం ఉండేది వారం కూడా కాదు, ఒక్క ఊళ్ళో. సరిగ్గా ఆ రోజుల్లో, సరిగ్గా ఆ ఊరిని ఓ పెద్ద తుపాను తాకే అవకాశం ఎంత? చాలా స్వల్పం. నేనూ లెక్కల్లో వెనకబడ్డవాణ్ణి కాను, తప్పు దొరకలేదు. ఆ లెక్కలో లేనిది ఒక మనిషని తరవాత తట్టింది. అది కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాడి లెక్క. ఆ గదిలో పక్కదుప్పట్లు మార్చే ఆవిడ ఈ సెప్టెంబరులో అక్కడే ఉంటుంది, వచ్చే సెప్టెంబరులోనూ అక్కడే ఉంటుంది, ఆ పైయేడూ ఉంటుంది. మన స్వల్పాలన్నీ ఆవిడ దగ్గర పోగుపడతాయి. మనకి "రాకపోవచ్చు" అనిపించేది ఆవిడకి "ఏదో ఒక ఏడు రాక తప్పదు" అవుతుంది. తుపాను ఒకటే, లెక్కలు రెండు.

"పోనీ, తుపాన్లు రాని దీవికి వెళ్దామా?" అంది అమ్మాయి. అలాంటివి ఉన్నాయి కూడా. దక్షిణ అమెరికా ఒడ్డుకి దగ్గరగా ఉన్న అరూబా, కురసావ్, బొనైర్ తుపాన్ల దారికి దిగువన ఉన్నామని చెప్పుకుంటాయి. చాలావరకు నిజమే. ఐతే గ్రెనడా కూడా చాలా ఏళ్ళు ఆ ధీమాతోనే ఉంది. 2004 సెప్టెంబరు 7న ఇవాన్ తుపాను వచ్చి, పది ఇళ్ళలో తొమ్మిదింటిని దెబ్బతీసిపోయింది. సముద్రం దగ్గర హామీపత్రాలు చెల్లవు. చివరికి కాన్‌కూనే ఖాయమైంది.

వెచ్చటి తీరాలకి ఎవరు ఎప్పుడు వెళ్తారన్నది ఇవాళ్టి సంగతి కాదు. ఎయిర్ కండిషనర్లు రాకముందు ఫ్లారిడా, కరీబియన్ దీవులు శీతాకాలపు విడిదులు. ఉత్తరాది మంచు నుంచి తప్పించుకుని డబ్బున్నవాళ్ళు డిసెంబరులో దిగి, వసంతానికి వెనక్కి వెళ్ళిపోయేవారు. తుపాను నెలల్లో అక్కడ మిగిలేది అక్కడ పుట్టినవాళ్ళూ, బతుకు కోసం వచ్చినవాళ్ళూ. 1935 లేబర్ డే నాటి హరికేన్ ఇందుకు అందరూ చెప్పుకునే సాక్ష్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, మాంద్యంలో పనిలేక తిరుగుతున్న మాజీ సైనికుల్ని ఫ్లారిడా కీస్ అనే చిన్న దీవుల గొలుసు మీద రోడ్డు పనికి పంపారు. నీటిమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులో శిబిరాలు. తుపాను వస్తోందని తెలిశాక వాళ్ళని తీసుకురావడానికి మయామీ వైపు నుంచి రైలు బయల్దేరింది, ఆలస్యంగా. ఉప్పెన పెట్టెల్ని పట్టాల మీంచి తోసేసింది, ఇంజను ఒక్కటే నిలబడింది. నాలుగు వందల మందికి పైగా పోయారు. అప్పుడు ఆ దీవుల్లోనే కీ వెస్ట్‌లో కాపురముంటున్న రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే పడవ మీద వెళ్ళి ఆ శవాల్ని చూశాడు. చూసి 'న్యూ మాసెస్' పత్రికలో ఓ వ్యాసం రాశాడు. అందులో అతను లేవనెత్తిన సంగతి సూటిగా ఉంటుంది. విహారనౌకలున్న ధనవంతులూ, చేపల వేటకొచ్చే అధ్యక్షులూ ఈ నెలల్లో ఈ దీవుల వైపు రారు. వాళ్ళకి తెలుసు. మరి ఈ సైనికుల్ని ఈ నెలల్లోనే ఇక్కడ ఎవరు ఉంచారు?

తొంభై ఏళ్ళలో ఏం మారింది? మధ్యతరగతి వచ్చింది. అధ్యక్షులు రాని నెలల్లో మనం వెళ్తున్నాం, తగ్గింపు ధరకి. మనకీ ఆ కూలీలకీ ఒక్కటే తేడా. మన చేతిలో తిరుగు టికెట్టు ఉంటుంది.

కాన్‌కూన్ దానంతటది పెరిగిన ఊరు కాదు, తీర్మానం చేసి కట్టిన ఊరు. 1970 ప్రాంతాల దాకా అక్కడ చెప్పుకోదగ్గ జనావాసం లేదు. పర్యాటకుల డాలర్ల కోసం మెక్సికో ప్రభుత్వం ఏడు అంకె ఆకారంలో ఉన్న సన్నటి ఇసుకదిబ్బను ఎంచుకుంది. ఓ పక్క కరీబియన్ సముద్రం, ఇంకో పక్క నిచుప్తే సరస్సు, మధ్యలో హోటళ్ళు. ఇలాంటి దిబ్బలు ప్రకృతి కట్టుకున్న అడ్డుగోడలు. తుపానొస్తే ముందు దెబ్బ అవి తిని, వెనకనున్న నేలను కాపాడాలి. మనుషులు ఆ గోడ మీదే మంచాలు వేసుకున్నారు. 2005 అక్టోబరులో విల్మా వచ్చింది. ఒక్క రోజులో మామూలు తుపాను నుంచి అతి తీవ్రమైన ఐదో కేటగిరీకి ఎదిగి, అట్లాంటిక్‌లో అంతవరకూ కొలిచిన వాటిల్లో అతి తక్కువ పీడనం, 882 మిల్లీబార్లు, నమోదు చేసిన తుపాను అది. కదిలిపోయి ఉంటే కొంత నయం. కొసుమెల్ దీవి, కాన్‌కూన్‌ల మీద ఓ పగలూ ఓ రాత్రీ దాటేదాకా కదలకుండా కూర్చుంది. ఎదురుగా ఉన్న ఇస్లా ముహేరెస్ దీవిలో ఇరవై నాలుగు గంటల్లో 1,600 మిల్లీమీటర్ల పైన వాన పడింది. మా కృష్ణా జిల్లాలో ఏడాది పొడుగునా కురిసేది సుమారు వెయ్యి. వేలాది మంది పర్యాటకులు బడుల్లో, వ్యాయామశాలల్లో నేల మీద పడుకున్నారు. తెల్లారి చూస్తే హోటళ్ళ ముందు ఇసుక లేదు, రాళ్ళు తేలాయి. తరవాత సముద్రగర్భం నుంచి లక్షల ఘనపు మీటర్ల ఇసుక తోడి, గొట్టాలతో తెచ్చి పరిచారు. అది చాలక కొన్నేళ్ళకి మళ్ళీ పరిచారు. ఇవాళ అందరూ ఫొటో దిగే ఆ తెల్లటి బీచిలో కొంత భాగం కొనుక్కొచ్చిన సరుకే.

మేం వెళ్ళేసరికి హోటలు తోటలో కొబ్బరికాయలు దింపుతున్నారు. మా ఊళ్ళో దింపేది అమ్మకానికి. అక్కడ ఆ కాయలకి గిరాకీ లేదు. గాలికి ఎగిరి మనుషులకీ అద్దాలకీ తగలకుండా సీజనులో చెట్లని ముందే ఖాళీ చేస్తారట. నాకు కొబ్బరిచెట్టు కనిపిస్తే కాళ్ళు ఆగుతాయి. తోటమాలి దిగొచ్చాక, కాస్త స్పానిష్ వచ్చిన మా అమ్మాయిని మధ్యన పెట్టుకుని మాట్లాడాను. నడివయసు మనిషి, యూకతాన్ పల్లెటూరివాడు, ఇంట్లో మాయా భాష. మెక్సికోలో తుపాను హెచ్చరికలకి రంగులున్నాయి: నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. మన రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు, పదో నంబరు హెచ్చరికల్లాగే. "నారింజ వస్తే ఏం చేస్తారు?" అని అడిగించాను. ముందు అతిథుల్ని బస్సుల్లో షెల్టర్లకి పంపుతారట. తరవాత కుర్చీలు, గొడుగులు లోపల పెట్టి, అద్దాలకి చెక్కలు బిగిస్తారు. కొందరు హోటల్లోనే ఉండిపోవాలి. మిగతావాళ్ళు ఆఖర్న ఇళ్ళకి పోవచ్చు.

"మరి నీ ఇంటి అద్దాలకి చెక్కలెప్పుడు కొడతావు?"

అతను నవ్వాడు. మా ఇంటికి అద్దాలెక్కడివి అన్నాడు. మిద్దె మీది ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు నిండుగా నింపుకుంటాడట, బరువుకి ఎగిరిపోకుండా. ఆ పని వాళ్ళావిడే చేసేస్తుందట, అతను వచ్చేదాకా చూడదు.

ఆ సాయంత్రం టీవీలో ఎక్కడో అట్లాంటిక్ నడుమ ఓ తుపాను పుట్టిందన్నారు. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్‌వాళ్ళు గీసే శంకువు బొమ్మ తెర మీదికొచ్చింది. తుపాను కేంద్రం ఎటువైపు పోవచ్చో చెప్పే బొమ్మ అది. మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం ఆ గీతల లోపలే పోతుందని దాని అర్థం. మిగిలిన ఒక వంతు సంగతి బొమ్మ చెప్పదు, తుపాను ఎంత వెడల్పో అసలే చెప్పదు. ఐనా శంకువు తమ ఊరిని తాకకపోతే జనం ఊపిరి పీల్చుకుంటారు. తెల్లారేసరికి అది ఉత్తరానికి తిరిగింది. అల్పాహారం దగ్గర అందరి ముఖాల్లో వెలుగు. పక్క బల్లవాళ్ళు ఒకరికొకరు శుభాకాంక్షలు కూడా చెప్పుకున్నారు. ఆ వెలుగు నాకు కొత్త కాదు. "ఒడిశా వైపు పోయిందట, హమ్మయ్య" అని మా ఊళ్ళో ఎన్ని రాత్రులు పడుకోలేదూ! తుపాను తప్పిపోదు, ఇంకొకరికి తగులుతుంది. ఒడిశావాళ్ళు మన దిక్కు చూసి అనుకునే హమ్మయ్యలూ ఉంటాయి. ఆ మాట అననివాళ్ళు తీరంలో ఎవరూ ఉండరు. అంటూనే అవతలివాళ్ళ కోసం ఓ దణ్ణం పెట్టుకోవడం మాత్రం మా నాయనమ్మలో చూశాను. అమెరికా వర్జిన్ దీవుల్లో ఈ దణ్ణానికి తేదీలే ఉన్నాయి. జులైలో, సీజను ముదరబోయేముందు, గట్టెక్కించమని వేడుకునే రోజొకటి. అక్టోబరులో, గట్టెక్కాక, కృతజ్ఞతలు చెప్పుకునే రోజొకటి.

మన తెలుగు ఇళ్ళలో చాలామందికి హరికేన్ అనే మాట క్రికెట్టు ద్వారా పరిచయమైంది. 2024 జూన్ 29న బార్బడోస్‌లో మనవాళ్ళు టీ20 ప్రపంచకప్పు గెలిచారు. మర్నాడో ఎల్లుండో కప్పుతో దిగుతారనుకుంటే బెరిల్ హరికేన్ అడ్డం పడింది. విమానాశ్రయం మూసేశారు. రోహిత్, కోహ్లీ, మన సిరాజ్, అందరూ హోటల్లో బందీలు. ఎప్పుడొస్తారు, ఏం తింటున్నారు అని మన టీవీలు గంటకోసారి చెప్పాయి. జులై 4న ప్రత్యేక విమానం ఢిల్లీలో వాలింది, దేశం పండగ చేసుకుంది. అదే బెరిల్ అక్కడి బ్రిడ్జ్‌టౌన్ రేవులో జాలర్ల పడవల్ని ఒకదాని మీదికొకటి విసిరి విరగ్గొట్టింది. జులై 1న గ్రెనడాకి చెందిన కరియకూ అనే చిన్న దీవిని దాదాపు నేలమట్టం చేసింది. అవి మన టీవీల్లో అంతగా రాలేదు. తప్పు పట్టడం లేదు, మన పిల్లలు ఎక్కడ చిక్కుకుంటే మన కళ్ళు అక్కడే ఉంటాయి. కానీ విహారానికి వెళ్ళినవాడి చూపుకీ ఇదే జబ్బు. తుపాను అంటే మన విమానం రద్దవడం. అందరికంటే మర్యాదగా తప్పుకునేవి విహార ఓడలు. శంకువు తూర్పు దీవుల మీద పడితే పడమటి రేవులకి తిరుగుతాయి, పడమర మీద పడితే తూర్పుకి. ఓడకి చుక్కాని ఉంది, దీవికి లేదు.

ఇంతవరకూ చదివినవాళ్ళకి "ఐతే వెళ్ళకూడదంటావు, అంతే కదా" అనిపించవచ్చు. వెళ్ళకపోవడం సులువు, పుణ్యంలా కూడా కనిపిస్తుంది. కానీ ఆ తోటమాలికి సెప్టెంబరు జీతం ఎవరిస్తారు? ఆ దీవుల్లో చాలావాటికి చెరుకు పోయింది, అరటి పోయింది, మిగిలిన పంట అతిథులే. సీజను కాదని చిన్న హోటళ్ళు కొన్ని సెప్టెంబరు, అక్టోబరుల్లో తాళాలు వేసి రంగులు వేసుకుంటాయి. పనివాళ్ళు ఆ రెండు నెలలూ అప్పుల మీద గడుపుతారు. తుపాను వస్తే ఒక దెబ్బ, వస్తుందేమోనని ఎవరూ రాకపోతే రాని తుపానుకి కూడా ఇంకో దెబ్బ. నా మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. తగ్గింపు ధర హోటలు యజమాని దాతృత్వం కాదు. అక్కడివాళ్ళు ఆ నెలల్లో మోసే భయానికి ఎవరో కట్టిన వెల అది. ఆ వెల ముట్టింది వాళ్ళకి కాదు, మనకి.

కాబట్టి వెళ్ళాలా వద్దా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్న కాదు. ఏమయ్యి వెళ్ళాలన్నది ప్రశ్న. డబ్బు కట్టిన కొనుగోలుదారుగా వెళ్తే, చినుకు పడ్డా డబ్బు వెనక్కి అడగాలనిపిస్తుంది. వేడుక చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇంకో రకం. విశాఖలో తుపాను హెచ్చరిక రాగానే ఆర్కే బీచికి అలల్ని చూడ్డానికి పోయేవాళ్ళని పోలీసులు తోలలేక చస్తారు, తెలుసుగా. ఈ రెండూ కాక మనకి తెలిసిన మూడో పద్ధతి ఉంది, చుట్టం. కష్టకాలం నడుస్తున్న ఇంటికి వెళ్ళే చుట్టానికి ఎవరూ రాసివ్వని నియమాలుంటాయి. ఆ ఇంటి పరిస్థితి తెలుసుకుని వెళ్తాడు. తన గొడవ తాను చూసుకుంటాడు, వాళ్ళ నెత్తిన పెట్టడు. పెట్టింది తింటాడు. వాళ్ళకి పనిబడి, నువ్విక బయల్దేరు అన్నప్పుడు నొచ్చుకోకుండా బయల్దేరతాడు.

తుపాను తీరానికి ఈ నియమాలు అచ్చంగా అతుకుతాయి. తన గొడవ తాను చూసుకోవడమంటే, మొట్టమొదట ప్రయాణ బీమా. అదీ టికెట్టు కొన్న రోజే. తుపానుకి పేరు పెట్టారంటే బీమా కంపెనీల దృష్టిలో అది తెలిసిన ప్రమాదం, ఆ తరవాత కొన్న పాలసీ ఆ తుపానుకి వర్తించదు. మందులు నాలుగు రోజులకి ఎక్కువే పెట్టుకోవడం, పాస్‌పోర్టు తడవకుండా దాచుకోవడం, చేతిలో కొంత నగదు ఉంచుకోవడం, ఎందుకంటే కరెంటు పోయాక కార్డులు పనిచేయవు. ఇంకా ముఖ్యమైనది, చెప్పినప్పుడు వెళ్ళిపోవడం. ఆఖరి విమానం దాకా ఆగి, షెల్టర్లో ఓ చాపా, ఓ నీళ్ళసీసా ఆక్రమించినవాడు ఇంకొకరి చాపా, ఇంకొకరి నీళ్ళసీసా తీసుకున్నట్టే. పోనీ ఆఖరి నిమిషంలో చూసుకుందామంటే తుపాన్లు అంత టైము ఇవ్వడం మానేశాయి. 2023 అక్టోబరులో మెక్సికో పడమటి తీరాన అకపుల్కో మీద ఓటిస్ పడింది. ముందు రోజు పొద్దున అది మామూలు తుపాను, ఆ అర్ధరాత్రికి ఐదో కేటగిరీ హరికేన్. అంత వేగంగా ముదురుతుందని ఏ అంచనా చెప్పలేదు. వేడెక్కుతున్న సముద్రాల మీద ఇలా ఉన్నట్టుండి ముదరడం ఇకముందు పెరుగుతుందని శాస్త్రవేత్తలు అంటున్నారు.

తగ్గింపులో మిగిలిన డబ్బు గురించి కూడా మా ఇంట్లో చిన్న చర్చ జరిగింది. అది అక్కడే వదిలేసి రావాలన్నాను. గది ఊడ్చినవాళ్ళకి, బల్ల తుడిచినవాళ్ళకి, హోటలు గోడ దాటి ఊళ్ళోని చిన్న భోజనశాలకి. "అలాగైతే తగ్గింపు ఎందుకు నాన్నా, ఫిబ్రవరిలోనే వెళ్ళొచ్చుగా?" అంది అమ్మాయి. ఫిబ్రవరిలో ఆ డబ్బు హోటలు కంపెనీకి పోతుంది, సెప్టెంబరులో ఎవరికి పోవాలో నువ్వు నిర్ణయించవచ్చు అన్నాను. అల్లుడికి ఆ లెక్క నచ్చింది. బయల్దేరే రోజున కవర్లు తనే సర్దాడు.

ఇండియాకి తిరిగొచ్చాక 2025 అక్టోబరు 28 వచ్చింది. ఆ రోజు జమైకా నైరుతి మూలన మెలిస్సా హరికేన్ గంటకు దాదాపు 300 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. 1935 లేబర్ డే హరికేన్‌తో సమానమైన పీడనమట, 892 మిల్లీబార్లు. అక్కడ మధ్యాహ్నం, మనకి రాత్రి. అదే రాత్రి మనవైపు మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు వంద కిలోమీటర్ల లోపే, మెలిస్సా ముందు పిల్ల. ఐనా ఆ రాత్రి మా ఇంట్లో కరెంటు లేదు. తలుపులు కొట్టుకుంటున్నాయి. పల్లపు ఊళ్ళవాళ్ళని పగలే పునరావాస కేంద్రాలకి చేర్చారు. అట్లాంటా నుంచి అమ్మాయి ఫోను మీద ఫోను. "నాన్నా, పొద్దున్నే హైదరాబాదు వెళ్ళిపొమ్మన్నానా లేదా?" ఇల్లు వదిలి ఎక్కడికి పోతాం అన్నాను. గేదెలున్నాయి, పొట్ట మీదున్న వరి ఉంది, పక్కింటి ముసలాయన ఒక్కడే ఉన్నాడు. నేనూ, మెక్సికోలో ట్యాంకు నింపుకునే ఆ మనిషీ ఆ రాత్రి ఒకే లెక్కలో ఉన్నాం.

తెల్లారాక జమైకా చిత్రాలు చూశాం. బ్లాక్ రివర్ అనే ఊళ్ళో కప్పులు లేవు. తుపానుకి ముందు వెళ్ళిపోలేక హోటళ్ళలో తలదాచుకున్న పర్యాటకులు వేలల్లో ఉన్నారు. విమానాశ్రయాలు తెరుచుకోగానే వాళ్ళు క్షేమంగా ఇళ్ళకి వెళ్ళారు. వెళ్ళడం మంచిదే, వాళ్ళు వెళ్తేనే అక్కడివాళ్ళు తమ పని చూసుకోగలరు. కానీ మన పద్ధతిలో చుట్టరికం అక్కడితో తెగిపోదు. ఓ ఇంటి మీద కష్టం పడ్డాక పరామర్శకి వెళ్తాం. మొదటి రోజుల్లో హడావుడి చెయ్యం, వాళ్ళు కాస్త కూడదీసుకున్నాక వెళ్తాం. ఏం జరిగిందో వాళ్ళు చెప్తే వింటాం, చెప్పకపోతే గుచ్చి అడగం. పోయిన వస్తువుల దగ్గర నిలబడి ఫొటోలు తీయం. ఉత్త చేతులతో వెళ్ళం.

మొన్న అల్లుడు ఫోను చేసి, వచ్చే శీతాకాలం జమైకా అనుకుంటున్నాం, మీరూ రావాలి మామయ్యగారూ అన్నాడు. ధర ఎక్కువేనట, సీజను కదా. వస్తానన్నాను. ఒకసారి తుపాను రోజుల్లో తగ్గింపుకి వెళ్ళొచ్చిన సముద్రానికి, ఇంకోసారి పూర్తి ధర కట్టి వెళ్ళడం బాకీ తీర్చుకోవడమే.